పెరిగిన దిగుబడి ఎవరి గాదెకు? వ్యవసాయ వృద్ధి, సామాజిక సమానత, మానవ శ్రేయస్సు

ఆర్థిక వృద్ధిని కొలిచే ప్రమాణాలలో స్థూల దేశీయోత్పత్తి అత్యంత ప్రసిద్ధమైనది. ఒక సంవత్సర కాలంలో ఉత్పత్తి అయిన వస్తువుల, సేవల మొత్తం విలువను అది తెలుపుతుంది. ఆ విలువ ఎవరికి ఎంత చేరిందో, దానివల్ల వారి ఆహారం, ఆరోగ్యం, విద్య ఏ మేరకు మెరుగుపడ్డాయో తెలుపదు. జాతీయాదాయ గణనకు పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లో అమెరికా కాంగ్రెస్‌కు సమర్పించిన నివేదికలోనే, ఈ అంకె ఆధారంగా ప్రజల సంక్షేమాన్ని నిర్ధారించరాదని హెచ్చరించారు. 1990లో మహబూబుల్ హక్ నాయకత్వంలో, అమర్త్య సేన్ సహకారంతో రూపొందిన మానవాభివృద్ధి నివేదిక ఆదాయంతోపాటు ఆయుర్దాయాన్నీ, విద్యనూ కలిపి కొలిచే సూచికను ప్రవేశపెట్టింది. ఆదాయం సాధనమే గాని గమ్యం కాదన్నది ఆ నివేదిక సారాంశం.

వ్యవసాయ పరిశోధన, విస్తరణ రంగాలలో ఉన్నవారికి ఈ చర్చ తమకు సంబంధించనిదిగా తోచవచ్చు. కాని ఆర్థికవేత్తలు స్థూలోత్పత్తికి ఇచ్చే స్థానాన్నే మనం ఎకరా దిగుబడికి ఇస్తున్నాం. ప్రదర్శనా క్షేత్రంలో దిగుబడి పెరిగితే సాంకేతికత సఫలమైనట్లు నివేదిస్తాం. ఆ పెరుగుదల ఎవరి గాదెకు చేరిందన్న ప్రశ్నకు మన నమూనా పత్రాలలో గడి ఉండదు. కాలువ ఉన్న చేనికే నీరు చేరినట్లు, హక్కు ఉన్న చేతికే వృద్ధి ఫలం చేరుతుంది. హక్కు లేనివారికి అది చేరకపోగా, కొన్ని సందర్భాలలో వారి నష్టభయాన్ని పెంచుతుంది కూడా. తెలుగు రాష్ట్రాల వరి సాగు అనుభవం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వరి సాధించిన వృద్ధి

తెలుగు నేలపై వ్యవసాయ వృద్ధికి గోదావరి డెల్టాను మించిన ఉదాహరణ లేదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడంతో, అతివృష్టి అనావృష్టుల మధ్య నలిగిన ప్రాంతం ధాన్యాగారంగా మారింది. 1925లో మారుటేరులో వరి పరిశోధనా స్థానం ఏర్పడింది. అక్కడ రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029), బాపట్ల నుండి 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) రకాలు రాష్ట్ర సరిహద్దులు దాటి దేశమంతటా విస్తరించాయి. ఇటీవలి సంవత్సరాలలో తెలంగాణలోనూ సాగునీటి విస్తరణతో వరి విస్తీర్ణం, ధాన్యం సేకరణ ఎంతగానో పెరిగాయి. ఈ విజయాలలో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల పాత్ర గర్వించదగినది.

అయితే అదే గోదావరి డెల్టాలో, సారవంతమైన నేల, కాలువ నీరు, మేలైన రకాలు అన్నీ అందుబాటులో ఉన్న కోనసీమలో, 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలను బీడుగా వదిలారు. పెట్టుబడి ఖర్చులు పెరిగాయని, గిట్టుబాటు ధర దక్కడం లేదని, మురుగు కాలువలు పూడిపోయి పొలాలు ముంపునకు గురవుతున్నాయని వారు పేర్కొన్నారు. దిగుబడి ఒక్కటే సంక్షేమానికి కొలమానమైతే ఆ ప్రాంతంలో సాగు మానవలసిన అవసరం రాకూడదు. అధిక దిగుబడికీ సాగుదారు శ్రేయస్సుకూ మధ్య ఎక్కడో తెగిన లంకె ఉన్నదని ఆ సంఘటన తెలిపింది.

ఋణభారాన్ని చూసినా ఇదే సందేహం కలుగుతుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన వ్యవసాయ కుటుంబాల పరిస్థితి సర్వే ప్రకారం దేశంలో 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలు ఋణగ్రస్తమై ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం కుటుంబాలు అప్పులో ఉన్నాయి. కుటుంబానికి సగటు అప్పు దేశంలో 74,121 రూపాయలు కాగా ఆంధ్రప్రదేశ్‌లో 2,45,554 రూపాయలు. అప్పు ఉన్నంత మాత్రాన పేదరికం ఉన్నట్లు కాదు. బ్యాంకు రుణం అందుబాటులో ఉండడం, పెట్టుబడి అధికంగా అవసరమైన పంటలు వేయడం కూడా ఇందుకు కారణాలే. అయినా పంట దెబ్బతిన్న ఏడాది ఆ భారం ఎవరి భుజాన పడుతుందన్నది కీలకమైన ప్రశ్న.

కౌలు లెక్క

దేశంలో కౌలు సాగు అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. డెల్టా గ్రామాలలో భూయజమాని పట్టణంలోనో విదేశంలోనో నివసించడం, నేలను కౌలుదారు దున్నడం సర్వసాధారణం. ఇక్కడ కౌలు ఎక్కువగా ముందుగా నిర్ణయించిన బస్తాల రూపంలోనో, నగదు రూపంలోనో ఉంటుంది. దిగుబడి పెరుగుదల ఈ ఏర్పాటులో ఎలా పంపిణీ అవుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

ఒక ఎకరంలో 75 కిలోల బస్తాలు 28 పండుతున్నాయనుకుందాం. అందులో కౌలు 12 బస్తాలు. విత్తనం, ఎరువులు, మందులు, దుక్కి, కూలి ఖర్చుల విలువ 14 బస్తాలు. కౌలుదారుకు మిగిలేది 2 బస్తాలు. ఇందులో అతని కుటుంబ శ్రమకు కూలి కట్టలేదు. కొత్త రకం, మెరుగైన యాజమాన్యం వల్ల దిగుబడి 32 బస్తాలకు చేరింది, ఖర్చు 15 బస్తాలకు పెరిగింది. మొదటి ఏడాది కౌలుదారుకు 5 బస్తాలు మిగులుతాయి. ఆ సంగతి ఊరంతా తెలుస్తుంది. నేల పరిమితం, కౌలుకు అడిగేవారు అనేకులు. మరుసటి ఏడాది కౌలు 15 బస్తాలు అవుతుంది. కౌలుదారు మిగులు మళ్ళీ 2 బస్తాలే. దిగుబడి 14 శాతం పెరిగిందన్న మన నివేదిక సత్యమే. కాని పెరిగిన 4 బస్తాలలో 3 యజమానికి, ఒకటి పెట్టుబడి ఖర్చుకు పోయాయి.

అంతటితో ఆగదు. కోతల సమయంలో తుపాను వచ్చి దిగుబడి 22 బస్తాలకు పడిపోయిందనుకుందాం. పాత లెక్కలో ఖర్చు, కౌలు కలిపి 26 బస్తాలు గనుక నష్టం 4 బస్తాలు. కొత్త లెక్కలో రెండూ కలిపి 30 బస్తాలు గనుక నష్టం 8 బస్తాలు. సగటు పెరిగింది, కౌలుదారు నష్టభయం రెట్టింపయింది. నేల మీది ప్రతిఫలం చివరకు భూయజమానికే చేరుతుందని 1817లోనే డేవిడ్ రికార్డో ప్రతిపాదించిన సూత్రం మన డెల్టా పొలాలలో ఈ రూపంలో కనిపిస్తుంది. కౌలు పెరిగే వేగం గ్రామాన్ని బట్టి, కులసంబంధాలను బట్టి, పంటను బట్టి మారవచ్చు. దాని దిశ మాత్రం మారదు.

కాగితం మీద రైతు, పొలంలో రైతు

ఇక ప్రభుత్వ సహాయం ఏ మార్గంలో ప్రవహిస్తుందో చూడాలి. తెలంగాణలో 2018లో ఎకరాకు పంటకాలానికి 4,000 రూపాయలతో ప్రారంభమైన రైతుబంధు పథకం పెట్టుబడి సహాయాన్ని నేరుగా అందించడంలో దేశానికి మార్గదర్శకమైంది. అయితే అది పట్టాదారుకు చెల్లించే సహాయం. భూమి లేని కౌలుదారుకు అది వర్తించలేదు. అదే ఏడాది మొదలైన రైతుబీమా కింద పట్టాదారు మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి. సొంత భూమి లేకుండా పదెకరాలు కౌలుకు చేసి, అప్పుల పాలై ప్రాణం తీసుకున్న సాగుదారు కుటుంబానికి ఆ రక్షణ లేదు. పెట్టుబడి పెట్టినవాడు, నష్టపోయినవాడు, మరణించినవాడు కౌలుదారు అయినా, కాగితం మీద రైతు వేరొకరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాలు కొన్ని జరిగాయి. జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో ఏర్పడిన రైతు సంక్షేమ సంఘం కౌలుదారులను గుర్తించి నమోదు చేయవలసిన అవసరాన్ని నొక్కిచెప్పింది. 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చే వీలు కల్పించింది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కాలానికి సాగు హక్కు పత్రం ఇవ్వడానికి ఏర్పాటు చేసింది. కాని ఆ పత్రానికి భూయజమాని సంతకం అవసరం. కౌలుదారు పేరు ఎక్కడైనా నమోదైతే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయం యజమానులలో బలంగా ఉంది. సంతకం అడిగితే వచ్చే ఏడాది కౌలు దక్కదేమోనన్న భయం కౌలుదారులలో అంతకంటె బలంగా ఉంది. చట్టం ఈ రెండు భయాల మధ్య చిక్కుకుంది.

దీని ప్రభావం సామాజిక న్యాయానికే పరిమితం కాదు, శాస్త్రీయ వ్యవసాయంపైనా పడుతుంది. పచ్చిరొట్ట పైరు వేసి కలియదున్నడం, సేంద్రియ ఎరువు వాడడం, చౌడు నేలకు జిప్సం వేయడం, పొలం చదును చేయడం, మురుగు కాలువ తీయడం వంటి సిఫారసుల ఫలితం కొన్నేళ్ళకు గాని పూర్తిగా అందదు. పదకొండు నెలల తరువాత ఆ నేల తన చేతిలో ఉంటుందో లేదో తెలియని సాగుదారు వాటిపై ఎందుకు ఖర్చు చేస్తాడు? ఆ సిఫారసులను పాటించకపోవడాన్ని మనం అవగాహనా లోపంగా నమోదు చేస్తున్నాం. చాలా సందర్భాలలో అది అవగాహనా లోపం కాదు, సరైన లెక్క.

కూలి, యంత్రం, స్త్రీ

వరి సాగులో నాట్లు, కలుపుతీత ప్రధానంగా స్త్రీల పనులు. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల నిర్వాహకులలో స్త్రీలు 13.96 శాతం మాత్రమే. పొలంలో అధిక భాగం శ్రమ చేసే చేయి రికార్డులో అరుదుగా కనిపిస్తుంది.

నాటు యంత్రం, కలుపు మందు, కోత యంత్రం సాగు వ్యయాన్ని తగ్గిస్తాయి. బురదలో వంగి రోజంతా నాట్లు వేయడం ఆరోగ్యానికి మంచిది కాదు, కనుక యంత్రాన్ని వ్యతిరేకించడం న్యాయం కాదు. కాని కలుపు మందు పిచికారీ చేసిన ప్రతి ఎకరంలోనూ భూమి లేని ఒక స్త్రీ కొన్ని పనిదినాలు కోల్పోతుంది. మన ఆర్థిక విశ్లేషణలో ఆ మొత్తం 'ఆదా అయిన కూలి ఖర్చు'గా లాభం వైపు చేరుతుంది. అదే మొత్తం ఆమె ఇంటి లెక్కలో కోల్పోయిన ఆదాయం. యంత్రాన్ని అద్దెకిచ్చే కేంద్రాన్ని స్వయం సహాయక సంఘం నిర్వహిస్తే, యంత్రం నడపడంలో స్త్రీలకు శిక్షణ ఇస్తే అదే సాంకేతికత భిన్న ఫలితాన్నిస్తుంది.

ఈ అంశంలో ఒక నిజమైన వైరుధ్యం ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం స్త్రీ పురుషులకు సమాన వేతనమన్న సూత్రాన్ని గ్రామానికి తెచ్చింది, కూలీల బేరమాడే శక్తిని పెంచింది. అదే సమయంలో కూలి రేట్లు పెరిగాయన్న ఫిర్యాదు రైతుల నుండి, ముఖ్యంగా ఇప్పటికే అంచున ఉన్న కౌలుదారుల నుండి వచ్చింది. కూలి పెరగడం ఒక పేద కుటుంబానికి శ్రేయస్సు, మరో పేద కుటుంబానికి భారం. పంటలో సింహభాగం కౌలుగా పోతున్న చోట, మిగిలిన చిన్న వాటా కోసం కౌలుదారు, కూలీ పరస్పరం పోటీ పడవలసి వస్తున్నది. కూలిని తగ్గించడం దీనికి పరిష్కారం కాదు. నష్టభయాన్ని యజమాని, సాగుదారు, ప్రభుత్వం పంచుకునే ఏర్పాటు కావాలి.

కంచం చెప్పే సత్యం

వృద్ధి అంతిమ పరీక్ష కంచంలో జరుగుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు పెరగనివారు 2015-16లో తెలంగాణలో 28.0 శాతం ఉండగా, తరువాతి సర్వేలో 33.1 శాతానికి పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 31.4 నుండి 31.2కు మాత్రమే తగ్గింది. 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇందుకు కోవిడ్‌ను కారణంగా చూపడానికి వీలు లేదు. రెండు రాష్ట్రాలలోనూ ఆ క్షేత్ర సర్వే 2019లోనే ముగిసింది. తెలంగాణ ఆర్థిక వ్యవస్థ వేగంగా పెరిగిన కాలంలోనే పిల్లల ఎదుగుదల వెనుకబడింది.

పోలికకు కేరళను తీసుకోవచ్చు. ధాన్యం ఉత్పత్తిలో ఆ రాష్ట్రం మనకు సాటి కాదు. అయినా అదే సర్వేలో అక్కడ ఎదుగుదల లోపం 23.4 శాతం, స్త్రీలలో రక్తహీనత 36.3 శాతం. కౌలుదారులకు భూమిపై హక్కు కల్పించి 1970 జనవరి 1 నుండి అమలైన భూసంస్కరణలు, స్త్రీ విద్య, ప్రాథమిక వైద్య వ్యవస్థ కలిసి సాధించిన ఫలితమిది. ధాన్యం గాదెలో నిండినంత మాత్రాన బిడ్డ ఎదగదు. పప్పు, పాలు, గుడ్డు, ఆకుకూర, శుభ్రమైన నీరు, మరుగుదొడ్డి, తల్లి చదువు, తల్లి చేతిలో కొంత డబ్బు ఇవన్నీ కలిస్తేనే ఎదుగుతుంది.

మన ప్రాంతంలోనూ భిన్నమైన అనుభవం లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో పని ప్రారంభించిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో దళిత మహిళా సంఘాలు బీడు భూములను సాగులోకి తెచ్చి, చిరుధాన్యాలు, పప్పులు, నూనెగింజలు కలిపి పండిస్తూ, విత్తనాన్ని తమ చేతిలోనే నిలుపుకున్నాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి లభించింది. ఎకరా ధాన్యం దిగుబడితో కొలిస్తే ఆ పొలాలు సాధారణమైనవే. ఇంటిలో తినే పదార్థాల సంఖ్యతో, నిర్ణయాధికారంతో కొలిస్తే మన ప్రదర్శనా క్షేత్రాలకు అవి పాఠాలు చెప్పగలవు.

సమానత వృద్ధికి ఆటంకమా?

ముందు సంపద పెరగాలి, పంపిణీ సంగతి తరువాత అన్న వాదన చాలా కాలంగా వినవస్తున్నది. వృద్ధి తొలి దశలో అసమానత పెరిగి, అనంతరం తగ్గుతుందని 1955లో కుజ్నెట్స్ చేసిన ప్రతిపాదనను ఇందుకు ఆధారంగా చూపుతారు. ఆయన దానిని పరిమిత గణాంకాల మీద ఆధారపడిన ఊహగానే ముందుంచారు. అసమానత తనంతట తానే తగ్గుతుందని చరిత్ర నిరూపించలేదు.

దీనికి భిన్నమైన సాక్ష్యం పశ్చిమ బెంగాల్‌లో ఉంది. అక్కడ 1978లో ప్రారంభమైన ఆపరేషన్ బర్గా కింద 14 లక్షలకు పైగా పాలుదారుల పేర్లు నమోదయ్యాయి. వారిని ఇష్టం వచ్చినట్లు తొలగించడానికి వీలు లేకుండాపోయింది, పంటలో వారి వాటాకు చట్టరక్షణ కలిగింది. అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్‌లర్, మైత్రీశ్ ఘటక్ 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ నమోదు వల్ల వ్యవసాయ ఉత్పాదకత కూడా పెరిగిందని తేల్చింది. పండించిన దానిలో తన భాగం తనకే దక్కుతుందన్న నమ్మకం ఉన్న సాగుదారు నేలపై ఎక్కువ శ్రమ, ఎక్కువ పెట్టుబడి పెడతాడు.

వృద్ధి అవసరం లేదని దీని అర్థం కాదు. పాఠశాలలకు, ఆసుపత్రులకు, చౌకధరల బియ్యానికి కావలసిన ప్రభుత్వాదాయం వృద్ధి నుండే వస్తుంది. జాన్ డ్రేజ్, అమర్త్య సేన్ తమ రచనలలో పదేపదే చెప్పినది కూడా ఇదే. వృద్ధి అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది, దానిని ప్రజల సామర్థ్యంగా మార్చడం సమాజం చేయవలసిన పని.

విస్తరణ శాస్త్రవేత్త చేయగలిగినది

భూమి హక్కులు రెవిన్యూ శాఖ వ్యవహారమని, మన పని సాంకేతికతను అందించడమేనని అనవచ్చు. చట్టం చేయడం మన పరిధిలో లేని మాట నిజమే. కాని ఏమి కొలవాలో, ఎవరిని రైతుగా ఎంచాలో నిర్ణయించడం పూర్తిగా మన చేతిలోని పని. ఈ దిశలో కొన్ని సూచనలు:

మొదటిది, ప్రథమ శ్రేణి ప్రదర్శనల, చిరుసంచుల ప్రయోగాల నమోదు పత్రంలో ఆ పొలం సొంతమా, కౌలా, కౌలైతే ఎన్ని బస్తాలు అన్న వివరం తప్పనిసరిగా ఉండాలి. ప్రదర్శనలలో నిర్దిష్ట భాగాన్ని కౌలుదారుల పొలాలలోనే నిర్వహించాలి.

రెండవది, ఆదాయ వ్యయ నిష్పత్తిని కౌలు చెల్లించిన తరువాత సాగుదారుకు మిగిలినదాని ఆధారంగా కూడా లెక్కించాలి. సగటు దిగుబడితోపాటు ప్రతికూల సంవత్సరంలో నష్టం ఎంతో తెలపాలి. తక్కువ పెట్టుబడితో, తక్కువ నష్టభయంతో మధ్యస్థ దిగుబడి ఇచ్చే పద్ధతి కౌలుదారుకు ఉత్తమ సిఫారసు కావచ్చు.

మూడవది, ప్రతి కొత్త యంత్రం, కలుపు మందు సిఫారసుతోపాటు స్త్రీల, పురుషుల పనిదినాలలో వచ్చే మార్పును విడివిడిగా నమోదు చేయాలి. స్త్రీలకు శిక్షణను వారి పని వేళలకు, నివాసానికి అనుకూలంగా ఏర్పాటు చేయాలి. మధ్యాహ్నం మండల కేంద్రంలో జరిగే సమావేశానికి కూలి మానుకొని రావడం వారికి సాధ్యం కాదు.

నాల్గవది, పంటల ప్రణాళికలో పోషణను భాగం చేయాలి. వరి మాగాణుల్లో మినుము, పెసర సాగు డెల్టాకు పరంపరగా వచ్చినది. గట్ల మీద కంది, పెరటిలో ఆకుకూరలు, మునగ, ఇంటి కోళ్ళ పెంపకం తక్కువ నేల ఉన్న కుటుంబానికీ సాధ్యమైనవి. ఈ పనిలో గృహవిజ్ఞాన, విస్తరణ విభాగాలు అంగన్‌వాడీ కేంద్రాలతో కలిసి పనిచేయాలి.

ఐదవది, స్నాతకోత్తర విద్యార్థులు తమ పరిశోధనలలో సాంకేతికత స్వీకరణ శాతాన్ని మాత్రమే గాక, స్వీకరించనివారి భూమి హక్కును, అప్పు వనరును, కుటుంబ ఆహార వైవిధ్యాన్ని అధ్యయనం చేయాలి. ఒకే గ్రామంలో పట్టాదారుకు, కౌలుదారుకు, కూలీకి ఒకే సాంకేతికత ఇచ్చిన ఫలితాలను పోల్చి చూడడం ఎంతో ఉపయోగకరమైన పరిశోధనాంశం.

ముగింపు

స్వర్ణ, సాంబ మసూరి వంటి రకాలను అందించిన శాస్త్రం తెలుగు నేలకు ఆకలి భయాన్ని తగ్గించింది. ఆ శాస్త్రం ముందు ఇప్పుడున్న కర్తవ్యం మరింత సూక్ష్మమైనది. గాదెలో చేరిన ధాన్యాన్ని తూచడంతోపాటు, ఆ ధాన్యం పండించిన చేతిలో ఏమి మిగిలిందో, ఆ ఇంటి బిడ్డ ఎంత ఎత్తు పెరిగిందో కూడా కొలవాలి. నమోదు కానిది విధాన నిర్ణేతకు కనిపించదు. కౌలుదారు పేరు, మహిళా కూలీ పనిదినం మన క్షేత్ర పుస్తకంలో నమోదైన రోజున అవి ప్రభుత్వ ప్రణాళికలో చోటు కోరే ఆధారాలవుతాయి. వచ్చే ఖరీఫ్ ప్రదర్శనా క్షేత్రాల ఎంపికతోనే ఈ పని ప్రారంభించవచ్చు. ఇందుకు కొత్త నిధులు అవసరం లేదు, నమోదు పత్రంలో మరి రెండు గడులు చాలు.